పాత ఫ్యాక్టరీ కూల్చే ముందు ఆస్‌బెస్టాస్ సర్వే: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మూతపడ్డ రైస్ మిల్లులు, నూలు మిల్లులు, పొగాకు షెడ్లు కొని, కూల్చి, ఆ జాగాలో గోడౌన్లో ప్లాట్లో వేసేవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆస్‌బెస్టాస్ అంటే రాతినార, రేకుల్లోనూ వేడి ఆపడానికీ వాడే పోగుల ఖనిజం. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్ రావచ్చు. కూల్చే ముందు అది ఎక్కడెక్కడ ఉందో వెతికి రాయడమే సర్వే, నేను చేసే పని అదే. ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## సర్వేకు ముందు

అవి మామూలు సిమెంటు రేకులే కదా. చూస్తేనే తెలిసిపోతుంటే మళ్లీ సర్వే ఎందుకు?

రేకుల కోసమైతే సర్వే అక్కర్లేదు, నిజమే. పైకప్పు మీది సిమెంటు రేకుల్లో రాతినార ఉన్నట్టే అనుకుని పని చేయొచ్చు. సర్వే చేసేది కంటికి ఆనని వాటి కోసం. బాయిలర్ మీద, ఆవిరి గొట్టాల చుట్టూ సున్నం మెత్తినట్టు కనపడే ల్యాగింగ్ (వేడి బయటికి పోకుండా వేసే పూత), బాయిలర్ తలుపు అంచున బిగించిన తాడు, గొట్టాలు కలిపే ఫ్లాంజీల మధ్య గ్యాస్కెట్లు, పాత ప్యానెల్ బోర్డు వెనక పలక, కొలిమి పక్కన అట్టలా ఉండే మిల్‌బోర్డు. రేకులో రాతినార పదో వంతు అటూ ఇటూ ఉంటుంది, అదీ సిమెంటుతో బిగుసుకుపోయి ఉంటుంది. ల్యాగింగ్ అలా కాదు, చేత్తో నలిపితే పొడైపోతుంది. కొన్ని రకాల్లో సగానికి పైగా రాతినారే. అందరి కళ్లూ పైకప్పు మీద ఉంటాయి, ముప్పు బాయిలర్ గదిలో ఉంటుంది.

ఆస్‌బెస్టాస్ మన దేశంలో ఎప్పుడో నిషేధించారు కదా?

లేదు. ఆపింది తవ్వకాన్ని. కేంద్రం 1986లో కొత్త గనుల లీజులు ఇవ్వడం మానేసింది, 1993లో ఉన్న లీజుల పునరుద్ధరణ కూడా ఆపింది. ఒకప్పుడు మన పులివెందుల వైపు తీసిన తెల్ల రాతినార, అంటే క్రిసోటైల్, ఇప్పుడు రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ నుంచి దిగుమతి అవుతోంది. రేకుల తయారీ, అమ్మకం సాగుతూనే ఉన్నాయి. కాబట్టి "ఈ షెడ్డు మొన్నమొన్నే వేశాం" అనేది ఇక్కడ ధీమా ఇచ్చే మాట కాదు. బ్రిటన్‌లో నీలం, గోధుమ రంగు రకాలను 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించారు. అక్కడైతే కట్టడం వయసు చూసి కొంత అంచనా వేయొచ్చు. మన దగ్గర ఆ దారి లేదు.

చట్టం ప్రకారం ఈ సర్వే తప్పనిసరా?

కూల్చివేతకు ముందు ఆస్‌బెస్టాస్ సర్వే చేసి తీరాలని బ్రిటన్‌లో లాగా సూటిగా చెప్పే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. అయితే చుట్టూ ఉన్న నియమాలు తక్కువేం కాదు. ఆస్‌బెస్టాస్ వ్యర్థాల పారవేతకు ఐఎస్ (భారత ప్రమాణం) 11768, ఆ సరుకును జాగ్రత్తగా వాడే తీరుకు ఐఎస్ 11769, కూల్చివేత భద్రతకు ఐఎస్ 4130 ఉన్నాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఉన్నాయి. రాతినార వల్ల వచ్చే జబ్బు కార్మికులకు పరిహారం ఇప్పించే చట్టంలో వృత్తి వ్యాధిగా నమోదై ఉంది. రేపు ఏదైనా జరిగితే "నీకు తెలుసా, తెలుసుకోవడానికి ఏం చేశావు" అనే ప్రశ్న యజమానికే వస్తుంది. నా చేతిలో ఉంటే తప్పనిసరి చేసేవాణ్ణి. అది వేరే సంగతి.

స్క్రాప్ పాట పెట్టేశాం. కొన్నవాడే సర్వే చేయించుకుంటాడు కదా?

చేయించుకోడు. వాడు కొన్నది ఇనుము, రాగి, మోటార్లు. పాట ముగిసిన మర్నాడే మనుషుల్ని దించుతాడు. మొదట విప్పేది ఏమిటో తెలుసా? గొట్టాల మీది అల్యూమినియం తొడుగు. దానికి ధర బాగా వస్తుంది. తొడుగు ఊడదీశాక లోపలి ల్యాగింగ్‌ను గునపంతో పొడిచి రాలగొడతారు, ఎందుకంటే మట్టి అంటిన ఇనుముకు కాటా దగ్గర కోత పడుతుంది.

ఒక మూతపడ్డ మిల్లుకు నన్ను పిలిచేటప్పటికి ఈ పని అయిపోయింది. బాయిలర్ గది నేలంతా చీలమండల లోతు తెల్ల పొడి. దాని మీదే గోనెసంచి పరుచుకుని ఇద్దరు అన్నం తింటున్నారు. అక్కడ నేను చేయగలిగింది సర్వే కాదు, ఆ పొడి లెక్కగట్టడం. గొట్టాల మీద ఉండగా తీయిస్తే రెండు రోజుల్లో అయ్యే పని, గది మొత్తం శుభ్రం చేసే పనిగా మారింది. సర్వే పాటకు ముందు జరగాలి, ఖర్చు యజమాని పెట్టుకోవాలి, రిపోర్టు పాట కాగితాలతో కలిపి ఇవ్వాలి. రాతినార తీసేశాకే స్క్రాప్ వాళ్లకు గేటు తెరవాలి.

ఖర్చు ఎంతవుతుంది?

ఎకరాలను బట్టి చెప్పే ధర కాదు. ఎన్ని రకాల సరుకు ఉంది, ఎన్ని నమూనాలు ల్యాబ్‌కు వెళ్తాయి, పైకి ఎక్కడానికి బూమ్ లిఫ్ట్ కావాలా అన్న వాటిని బట్టి ఉంటుంది. ఒట్టి గోడౌన్ పదివేల చదరపు అడుగులున్నా పని తక్కువ. చిన్న ఉప్పుడు బియ్యం మిల్లయినా బాయిలర్, ఆవిరి గొట్టాలు ఉంటే పని ఎక్కువ. స్థలం చూడకుండా ఫోన్లోనే గంపగుత్తగా ధర చెప్పేవారిని నమ్మకండి.

అభ్రకం, ఆస్‌బెస్టాస్ ఒకటేనా? మా తాతల కాలం నుంచి అభ్రకంలోనే బతికాం, ఏమీ కాలేదు.

గూడూరు, సైదాపురం వైపు వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. రెండూ వేరు. అభ్రకం పొరలు పొరలుగా ఊడుతుంది, గాజు కాగితంలా. రాతినార నిలువునా చీలుతుంది, ఎంత చీల్చినా ఇంకా సన్నటి పోగులే వస్తాయి. మైక్రోస్కోపులో తప్ప కనపడనంత సన్నగా అయ్యాక కూడా అది పోగే. అదే దాని ప్రమాదం. అభ్రకం దుమ్మూ ఊపిరితిత్తులకు మంచిదేం కాదు, కానీ ఆ కథ వేరు. మన అభ్రకం ప్రాంతంలోనే దొరికే వెర్మిక్యులైట్ అనే ఖనిజాన్ని వేడి ఆపడానికి గోడల మధ్య, కొలిముల చుట్టూ పోసేవారు. అది కనపడితే మాత్రం నమూనా తీయాల్సిందే. వెర్మిక్యులైట్‌లో ట్రెమొలైట్ అనే రాతినార కలిసి ఉండే అవకాశం ఉంది. అమెరికాలోని లిబ్బీ వెర్మిక్యులైట్ గని అలాగే ఊరినంతా జబ్బుపాలు చేసింది.

మా షెడ్డు మీద ఫలానా కంపెనీ రేకులు. దాన్ని బట్టి తేల్చేయొచ్చా?

తేల్చలేం. మన వైపు "చార్మినార్ రేకులు" అనేది కంపెనీ పేరు పోయి రకం పేరైపోయింది, ఎవరు చేసిన సిమెంటు రేకునైనా అలాగే అంటారు. పైగా ఇప్పుడు రాతినార లేకుండా చేసిన సిమెంటు రేకులూ బజారులో ఉన్నాయి, చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. రేకు మీద ఐఎస్ 459 ముద్ర కనపడితే అది ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకే. ముద్ర లేకపోతే నమూనా తీయండి, లేదా ఉన్నట్టే అనుకుని పని చేయండి.

ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడు ఒక సర్వే చేయించాం. అది సరిపోదా?

సరిపోదు. నడుస్తున్న చోట చేసే సర్వే ఏదీ పగలగొట్టకుండా, చేతికందినంత చూసి రాసేది. అక్కడ పని చేసేవాళ్లు పొరపాటున కదిలించకుండా ఉండటానికి అది. కూల్చే ముందు చేసే సర్వేలో గోడ తొలుస్తాం, ఫాల్స్ సీలింగ్ ఊడదీస్తాం, నేల పలక లేపి చూస్తాం, బాయిలర్ ఇటుక వెనక ఏముందో చూస్తాం. ఎలాగూ పోయే కట్టడం కాబట్టి దెబ్బ తగిలినా ఫర్వాలేదు. అందుకే ఈ సర్వే మనుషులు ఖాళీ చేశాకే చేయాలి.

## సర్వే రోజున

మేము ఏమేం సిద్ధం చేసి పెట్టాలి?

పాత ప్లాన్ ఉంటే ఇవ్వండి, చిరిగిపోయినదైనా సరే. కరెంటు తీసేయించి, తీసేసినట్టు కాగితం తీసుకోండి. బాయిలర్ డ్రమ్ము, గుంటలు, ట్యాంకుల్లోకి దిగాలంటే ముందు గాలి పరీక్షించాలి. తాళాలన్నీ ఒకరి దగ్గర ఉండాలి. ఒక గదికి తాళం దొరకలేదని ఆ గది రిపోర్టులో "చూడలేదు" అని మిగిలిపోవడం మామూలే, చివరికి గొడవ వచ్చేది ఆ గది దగ్గరే.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడ పనిచేసిన పాత ఫిట్టర్‌నో ఫైర్‌మన్‌నో ఒక పూట పిలిపించండి. ఏ గొట్టానికి ఏ సంవత్సరం ల్యాగింగ్ మార్చారో, తీసిన పాతది ఎక్కడ పోశారో అతనికి గుర్తుంటుంది. ఏ యంత్రానికీ అంత జ్ఞాపకం లేదు. ఇంకో మాట: ఏళ్ల తరబడి మూతపడ్డ చోటు, పాములుంటాయి. కందిరీగలుంటాయి. టార్చి, గమ్ బూట్లు లేకుండా మేం లోపలికి అడుగు పెట్టం.

ఎక్కడెక్కడ వెతుకుతారు?

పైనుంచి కిందికి వస్తాం. రేకులు, కొప్పు రేకులు, వాన నీటి కాలువలు, కింది గొట్టాలు. కూలింగ్ టవర్ లోపలి పలకలు, లూవర్లు. బాయిలర్, ఎకనమైజర్, పొగగొట్టం మొదలు, ఆవిరి గొట్టాలు, వాల్వుల చుట్టూ చుట్టిన బట్ట. తలుపు తాళ్లు, పంపుల గ్లాండ్ ప్యాకింగ్, ఫ్లాంజీల్లో కంప్రెస్డ్ ఆస్‌బెస్టాస్ గ్యాస్కెట్లు. స్విచ్ గేర్‌లో నిప్పురవ్వలు ఆపే ఆర్క్ చూట్లు, ఫ్యూజుల వెనక పలకలు. క్రేన్లు, హాయిస్టుల బ్రేక్ లైనింగులు. వెల్డింగ్ చేసే చోట వాడిన దుప్పట్లు. ఆఫీసు గదుల్లో పాత వినైల్ పలకలు, వాటి కింద నల్ల జిగురు.

పొగాకు బ్యారన్లు, గ్రేడింగ్ షెడ్లలో తరచు పైకప్పుతోనే సరిపోతుంది. టంగుటూరు, కందుకూరు వైపు ఆవిరితో ఆకు ఆరబెట్టే ప్లాంటు ఉంటే మాత్రం గొట్టాల సంగతి చూడాలి. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో ఎక్కువగా రేకులే, అక్కడ అసలు పీడ రాతి దుమ్ము.

భూమిలో ఏసీ పైపులున్నాయని వాచ్‌మన్ అన్నాడు. అవేమిటి?

ఎయిర్ కండిషనర్ పైపులు కావు. ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులు. నీళ్ల కోసం, మురుగు కోసం ఒకప్పుడు విరివిగా వేశారు. భూమిలో ఉన్నంతకాలం వాటితో గొడవ లేదు. జేసీబీ పన్ను తగిలి పగిలితేనే. అందుకని పాత ప్లాన్‌లో నీటి లైను ఎటు పోయిందో చూసి, రెండు మూడు చోట్ల చేత్తో గుంత తీయించి చూస్తాం.

నమూనా తీసేటప్పుడే దుమ్ము లేవదా?

లేవకుండా తీయాలి. తీసే చోటును సబ్బు చుక్క కలిపిన నీళ్లతో తడుపుతాం. వట్టి నీళ్లు ల్యాగింగ్ మీద జారిపోతాయి, సబ్బు ఉంటే లోపలికి ఇంకుతాయి. కింద పాలిథిన్ పరుస్తాం. ల్యాగింగ్ అయితే సన్న గొట్టంతో ఇనుము తగిలే దాకా గుచ్చి అన్ని పొరలూ తీస్తాం, ఎందుకంటే పైపొర కొత్తదై లోపల పాతది ఉండొచ్చు. రేకు అయితే పగిలిన అంచు నుంచి చిన్న ముక్క. గుచ్చిన చోట టేపు వేసి మూసేస్తాం. నమూనాను రెండు జిప్ సంచుల్లో పెట్టి నంబరు వేసి, ఫొటో తీసి, ప్లాన్ మీద గుర్తు పెడతాం. పనిముట్టును తడిగుడ్డతో తుడిచాకే తర్వాతి చోటికి వెళ్తాం, లేకపోతే ఒకదాని పొడి ఇంకోదానికి అంటి ల్యాబ్ ఫలితం తారుమారవుతుంది.

ఒక్క నమూనా తీస్తే చాలదా? అంతా ఒకేలా ఉంది.

కప్పు రేకుకు ఒక షెడ్డుకు ఒకటి రెండు చాలు, ఒకే విడతలో వేసినవైతే. ల్యాగింగ్‌కు చాలదు. నలభై ఏళ్లు నడిచిన మిల్లులో గొట్టం లీకైన ప్రతిసారీ అక్కడి మేరకు తీసి, ఆ రోజు దొరికిన సరుకు మెత్తుతారు. మూడు అడుగుల అవతల ఇంకో సరుకు. వంపుల దగ్గర, వాల్వుల దగ్గర, రంగు మారిన చోట విడివిడిగా తీయాలి. గోడలకో కప్పుకో పూసిన లేదా చిమ్మిన పూతకు అమెరికాలో ఒక లెక్క ఉంది: వెయ్యి చదరపు అడుగుల లోపు 3 నమూనాలు, 5 వేల దాకా 5, ఆపైన 7. మన దగ్గరా అదే పట్టుకుంటే తప్పు లేదు.

కప్పు మీదికి ఎక్కి చూడొచ్చా? మా మేస్త్రీ రోజూ ఎక్కుతాడు.

ఎక్కొద్దు. ఈ పనిలో మనిషిని అక్కడికక్కడే చంపేది రాతినార కాదు, రేకు విరిగి పడటం. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపుతుందని ఎప్పుడూ అనుకోకూడదు. ఎండకు, వానకు పెళుసెక్కి, నాచు పట్టి, పైకి గట్టిగానే కనపడుతుంది. "బోల్టుల వరస మీద నడిస్తే ఏం కాదు" అని ప్రతి మేస్త్రీ చెబుతాడు. కాలు జారితే బోల్టు ఏం చేస్తుంది? నడక పలకలు, కింద వల, నడుముకు బెల్టు, ఆ బెల్టు కట్టడానికి గట్టి ఆధారం, ఈ నాలుగూ ఉంటేనే పైకి. లేదంటే కింద నుంచి లిఫ్ట్‌లో వెళ్లి పని చేయాలి. ఈశాన్య రుతుపవనాల వాన పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో దుమ్ము తక్కువే గాని, నాచు పట్టిన రేకు మీద కాలు నిలవదు. నా వరకైతే కప్పు పని ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టుకోమంటాను. గాలి ఇంకా ముదరదు, బోరులో నీళ్లుంటాయి.

## ల్యాబు, రిపోర్టు

ఏ ల్యాబ్‌కు పంపాలి?

ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ల్యాబ్. అంతటితో ఆగకండి. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు ఉందో జాబితా అడగండి. నీళ్లు, మట్టి పరీక్షలకు గుర్తింపు ఉండి ఆస్‌బెస్టాస్‌కు లేకపోతే ఆ ముద్ర మనకు పనికిరాదు. ఈ రంగంలో ఏళ్లుగా పని చేస్తున్న ప్రభుత్వ సంస్థ అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ.

పరీక్ష ఎలా చేస్తారు? మేమే కాల్చి చూస్తే తెలియదా?

కాల్చి చూడటం పాతకాలపు చిట్కా, నమ్మొద్దు. మండదు కాబట్టి రాతినారే అనుకుంటారు. గాజు నార కూడా మండదు. ల్యాబ్‌లో పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు కింద పోగు ఆకారం, రంగు, కాంతి వంగే తీరు చూసి ఏ రకమో చెబుతారు. తెల్లది ఉంగరాలు తిరిగి ఉంటుంది, గోధుమ, నీలం రకాలు సూదుల్లా నిటారుగా ఉంటాయి. నేల పలకల్లాంటి వాటిలో పోగులు మరీ సన్నగా ఉండి ఈ మైక్రోస్కోపుకు అందవు. అప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. పలకకు "లేదు" అని ఫలితం వస్తే ఏ పద్ధతిలో చూశారో అడగండి.

తెల్లది అయితే ప్రమాదం లేదంటారు కదా?

అమ్మేవాళ్లు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాలనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగానే మొదటి వర్గంలో పెట్టింది. గోధుమ, నీలం రకాలు ఇంకా చెడ్డవన్నది నిజం, అవి ఊపిరితిత్తుల్లో ఎక్కువ కాలం నిలుస్తాయి. బ్రిటన్ నుంచి తెచ్చిన పాత బాయిలర్లు ఉన్న చోట వాటి కోసం ప్రత్యేకంగా చూస్తాం.

రిపోర్టులో ఏముంటే అది మంచి రిపోర్టు?

నేనైతే ముందు చివరి పేజీలకు వెళ్తాను. చూడలేకపోయిన చోట్ల జాబితా అక్కడ ఉండాలి. ఆ జాబితా లేదంటే అన్నీ చూశారని కాదు, రాయలేదని. చూడని ప్రతి చోటా రాతినార ఉన్నట్టే లెక్క, పని మధ్యలో అక్కడికి వచ్చాక ఆగి మళ్లీ చూడాలి. మిగతా భాగంలో ఏ గది, ఏ వస్తువు, ఎన్ని మీటర్లు లేదా చదరపు మీటర్లు, ఏ రకం, చెక్కు చెదరకుండా ఉందా రాలిపోతోందా, ఫొటో, ప్లాన్ మీద గుర్తు. "అక్కడక్కడా ఉంది" అని రాసిన రిపోర్టుతో తీసేవాడు ధర చెప్పలేడు, మీరు లెక్క చూసుకోలేరు. రిపోర్టు కూల్చే మేస్త్రీకి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, కనీసం రెండు పేజీలు అడగండి. ఇంగ్లీషులో అరవై పేజీలు ఇచ్చి సైట్ ఆఫీసు బీరువాలో పెడితే కూలీకి ఒరిగేదేం లేదు.

## తీసేటప్పుడు

జేసీబీతో షెడ్డు మొత్తం ఒకేసారి పడగొట్టి, తర్వాత రేకు ముక్కలు ఏరించొచ్చా?

వద్దు. ఏరలేరు. ముక్క ఇటుకల్లో కలిసిందంటే ఆ ఇటుక మొత్తం కలుషితమైనట్టే, పిండి చేసి మళ్లీ వాడుకునే దారీ పోతుంది. క్రమం ఇదీ: ల్యాగింగ్ లాంటి పొడి సరుకు ముందు, రేకులు తర్వాత, స్క్రాప్ ఆ తర్వాత, గోడలు చివర. రేకులను తడిపి, జే హుక్కుల నట్లు విప్పి, తుప్పు పట్టి రాకపోతే బోల్టు కట్టర్‌తో కోసి, రేకును పగలకుండా దించాలి. పైనుంచి విసరకూడదు. గ్రైండర్‌తో కోయడం అన్నిటికంటే చెడ్డ పని, ఒక్క కోతతో గది నిండుతుంది.

మా కూలీలు తుండు కట్టుకుంటారు. మాస్కు ఇవ్వాల్సిందేనా?

తుండు చెమటకు పనికొస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే పోగు మందం 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు, బట్ట కళ్లలోంచి దూరిపోతుంది. ఆసుపత్రి మాస్కూ అంతే. ముఖానికి బిగుతుగా అతికే సగం ముఖం రెస్పిరేటర్‌కు సన్నటి దుమ్మును ఆపే పీ3 లేదా పీ100 రకం ఫిల్టరు ఉండాలి. గడ్డం ఉంటే అతకదు. ఒంటికి ఒకసారి వాడి పారేసే సూటు. రోహిణి కార్తెలో ఆ సూటులో గంట కూడా ఉండలేరు, అది నేను తొడుక్కుని చెబుతున్న మాట. పని వేళలు తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిదికి మార్చండి, మధ్యలో నీళ్ల విరామాలు పెట్టండి. పని బట్టలతో ఇంటికి పంపొద్దు. భర్త బట్టలు ఉతికినందుకే జబ్బు పడ్డ ఆడవాళ్లు వైద్య రికార్డుల్లో ఉన్నారు.

గాలి పరీక్ష కూడా చేయించాలా?

ల్యాగింగ్ తీసిన గదికి చేయించండి. పంపుతో గాలిని ఫిల్టరు కాగితం గుండా లాగి, మైక్రోస్కోపులో పోగులు లెక్కిస్తారు, మన దేశంలో దీనికి ఐఎస్ 11450 ఉంది. పని చేసేవాడి గాలిలో అమెరికా, బ్రిటన్‌ల పరిమితి మిల్లీలీటరుకు 0.1 పోగు. గది మళ్లీ వాడకానికి ఇవ్వడానికి బ్రిటన్‌లో చూసేది 0.01. ఒక చిక్కు ఉంది. ఈ లెక్కలో కొలతకు సరిపోయిన ప్రతి పోగునూ లెక్కిస్తారు, అది రాతినారా కాదా అని చూడరు. నూలు మిల్లులో అంకె ఎక్కువ వస్తే కంగారు పడకుండా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మళ్లీ చూపించండి.

## తీసిన తర్వాత

పగలని రేకులు ఊళ్లోవాళ్లు అడుగుతున్నారు. గొడ్లచావిడికి ఇస్తే తప్పేముంది?

ఇది అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న. అడిగేవాడు పేదవాడు, ఇవ్వనంటే యజమాని చెడ్డవాడవుతాడు. అయినా ఇవ్వొద్దనే అంటాను. ముప్పై ఏళ్ల రేకు పైపొర సిమెంటు కొట్టుకుపోయి పోగులు బయటికి తేలి ఉంటాయి. దాన్ని ట్రాక్టరులో వేసి, దించి, కొలతకు కోసి, కొత్తగా బెజ్జాలు వేస్తారు. షెడ్డు మీద ఉన్నన్నాళ్లూ రాలనంత పొడి ఆ రెండు రోజుల్లో రాలుతుంది, పిల్లలు ఆడుకునే వాకిట్లో. సాయం చేయాలనుంటే స్క్రాప్ డబ్బులో కొంత పెట్టి నాలుగు జింకు రేకులు కొనివ్వండి.

ఇప్పటికే ఇంటి మీద సిమెంటు రేకులున్నవాళ్లు దీనికి భయపడి పీకేయనక్కర్లేదు. పగలకుండా, కదలకుండా ఉన్న రేకు రాల్చేది బహు తక్కువ. గీకొద్దు, నాచును ప్రెషర్ జెట్‌తో కడగొద్దు.

అదే స్థలంలో గుంత తీసి పూడ్చేస్తే?

ఈ రోజు చవకే. అయిదేళ్ల తర్వాత ఆ ప్లాటు కొన్నవాడు పునాది తీస్తాడు. మేం సర్వేకు వెళ్లిన పాత సైట్లలో వెనక ప్రహరీ పక్కన పూడ్చిన రేకు ముక్కలు బయటపడటం కొత్త కాదు. తుపానుకు లేచిపోయిన రేకులనూ అక్కడే తోసేసి మట్టి కప్పుతారు.

మరి ఎక్కడికి పంపాలి? గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల స్థలం దగ్గరే కదా.

దగ్గరే, కానీ అది తమిళనాడు. వేరే రాష్ట్రంలోని స్థలంలో పారవేయాలంటే రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ల నిరభ్యంతర పత్రం కావాలి. మన రాష్ట్రంలో విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల స్థలం ఉంది, లారీ కిరాయి ఎక్కువ. ఇంకో మెలిక కూడా చెప్పాలి. 2016 నియమాల జాబితాలో "పారేసిన ఆస్‌బెస్టాస్" ఉంది గాని, అది ఆస్‌బెస్టాస్ సరుకు తయారీ అనే పద్దు కింద ఉంది. కూల్చిన షెడ్డు రేకులు ఆ పద్దు కిందికి వస్తాయా అని వాదించేవాళ్లున్నారు. వాదన మానేసి నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాసి, జవాబు రాతలో తీసుకోండి. ల్యాగింగ్ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు, అది ప్రమాదకర వ్యర్థమే అనుకుని నడవండి.

పొడి సరుకు తడిగా ఉండగానే మందపాటి పాలిథిన్ సంచుల్లో రెండు పొరలుగా కట్టాలి, రేకులను కట్టలుగా పాలిథిన్‌లో చుట్టాలి, మీద 2016 నియమాల్లోని ఫారం 8 లేబులు. లారీతో పాటు ఫారం 10 మేనిఫెస్టు (వ్యర్థాల రవాణా వివరాల పత్రం) వెళ్లాలి. సైట్‌లో 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు.

నేను ఆ మిల్లులో ఇరవై ఏళ్లు చేశాను. ఇప్పుడేం చేయాలి?

అక్కడ ఏ పని చేశారో, ఏ సంవత్సరాల్లో చేశారో ఒక కాగితం మీద రాసుకుని ఛాతీ డాక్టరుకు చూపించండి. "దగ్గు" అని మాత్రమే చెబితే టీబీ మందులతో మొదలవుతుంది. రాతినార జబ్బులు పోగు పీల్చిన చాలా ఏళ్లకు, తరచు ఇరవై, నలభై ఏళ్లకు బయటపడతాయి. బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజే మానండి. రాతినారకు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది.

సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆ పరిశ్రమలు కార్మికుడు చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా, ఆరోగ్య రికార్డు ఉంచాలి. మీ మిల్లు ఆస్‌బెస్టాస్ పరిశ్రమ కాకపోవచ్చు, రికార్డు ఉండకపోవచ్చు. అందుకే కూల్చే ముందే సర్వే రిపోర్టు కాపీ ఒకటి యజమానిని అడిగి తీసుకోండి. మీరు పనిచేసిన గదిలో ఏముందో చెప్పే కాగితం మరొకటి దొరకదు.

ఒక్క రోజు ఆ దుమ్ములో పని చేశాను. టెన్షన్‌గా ఉంది, స్కాన్ చేయించుకోనా?

ఇప్పుడు స్కాన్‌లో ఏమీ కనపడదు, అనవసరపు ఖర్చు. ఎంతకాలం, ఎంత దుమ్ము పీల్చారన్న దాన్ని బట్టి ముప్పు ఉంటుంది. ఒక్క రోజుతో వచ్చే ముప్పు చాలా తక్కువ. తేదీ, చోటు, చేసిన పని రాసి దాచుకోండి, ఆ బట్టలు దులపకుండా తడిపి సంచిలో కట్టేయండి, రేపు మళ్లీ పిలిస్తే సర్వే రిపోర్టు చూపించమని అడగండి.